కష్టమొస్తే ఇంగ్లీషెందుకయ్యా?

ఉద్యోగంలో నా ఆఖరి రోజున ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్ల డాక్టర్లు టీ, సమోసాలు తెప్పించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగారు. "మేడం, ఇన్నేళ్ళలో మీకు అన్నిటికన్నా తలనొప్పి తెప్పించిన జబ్బు ఏంటండీ?"

"టెన్షన్" అన్నాను.

అందరూ పకపకా నవ్వారు. జోకెయ్యలేదు మొర్రో అన్నా వినిపించుకోలేదు. శాలువా కప్పారు, ఫోటోలు తీసుకున్నారు, ఎవరి వార్డుకి వాళ్ళు పోయారు. అందుకని ఇది రాస్తున్నాను. చదివితే బాగుపడతారు, లేకపోతే మీ ఖర్మ.

నేను మామూలు డాక్టర్ని. రేపల్లెలో మొదలుపెట్టాను, బాపట్లలో చాలాకాలం చేశాను, తెనాలిలో మానేశాను. అన్నీ ప్రైవేటు ఆసుపత్రులే, వాటి పేర్లు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చేశాను. ఎప్పుడు ఏ హోదాలో ఉన్నానో, ఎవరు నాకు అడ్డం పడ్డారో మీకు అనవసరం. మీకు పనికొచ్చే సంగతి ఒక్కటే ఉంది. మనవాళ్ళకి కష్టం వస్తే తెలుగు మర్చిపోతారు.

సంతోషం వస్తే శుభ్రంగా తెలుగులోనే చెబుతారు. మనవడు పుట్టాడండి, ఇల్లు కట్టామండి, చేను ఇరగకాసిందండి. కష్టం వచ్చిందా, ఇక చూడండి. ప్రాబ్లమ్స్ అండి. బ్యాడ్ టైమ్ అండి. ఫ్యామిలీలో డిస్టర్బెన్స్ అండి. అప్స్ అండ్ డౌన్స్ అండి. అడ్జస్ట్ అవుతున్నామండి. మేనేజ్ చేస్తున్నామండి. బడి గుమ్మం తొక్కనివాళ్ళు కూడా ఇవి మాత్రం గడగడా అప్పజెబుతారు. ఎదుటివాడు "అయ్యో, అవునా" అని తల ఊపుతాడు. వీడేం చెప్పాడో వీడికీ తెలీదు, వాడేం విన్నాడో వాడికీ తెలీదు. ఇద్దరూ టీ తాగి ఇళ్ళకి పోతారు.

నాకు ఇంగ్లీషు మీద కోపమేం లేదు. నేను చదివిన చదువంతా అందులోదే. బస్సుని బస్సనే అంటాను, టిఫిన్‌ని టిఫిననే అంటాను. నా ఒళ్ళు మండేది వేరే దానికి. మనిషి మునిగిపోతూ కూడా "కొంచెం టఫ్‌గా ఉందండి" అంటాడే, దానికి.

టెన్షన్ ఎక్కడుంది?

రేపల్లెలో సాంబయ్య అని ఆటో నడిపే అతను ఉండేవాడు. ఓ రోజు పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చెమటలు కక్కుతున్నాడు.

"ఏంటి సాంబయ్యా?"

"టెన్షన్ అమ్మా."

"దేనికి?"

"దేనికీ లేదమ్మా. జనరల్‌గా టెన్షన్."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. మన పేషెంట్లు వాడి వంశమే. నాకు చిర్రెత్తుకొచ్చింది. "సరే, ఆ టెన్షన్ ఒంట్లో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నాను. వేలు పెట్టలేదు. గుప్పిట బిగించి గుండె మధ్యలో పెట్టాడు. "ఇక్కడమ్మా. తెల్లారినప్పటినుంచి ఇక్కడ ఎవరో కూర్చున్నట్టుంది. ఈ ఎడం చెయ్యి లాగుతోంది."

ఓరి నీ టెన్షన్ తగలెయ్య! ఈసీజీ తీస్తే గుండెపోటు. ఇవ్వాల్సిన మందులు ఇచ్చి, వ్యాను ఎక్కించి గుంటూరు పంపుతుంటే నాతో బేరం. "టెన్షన్‌కి గుంటూరెందుకమ్మా, ఓ బిళ్ళ ఇవ్వండి, పోతాను. స్టాండులో ఆటో పెట్టొచ్చాను." వాళ్ళావిడ కూడా అదే పాట. "రాత్రి నుంచి టెన్షన్ టెన్షన్ అంటున్నాడండి. ఆటో గొడవేమో అని మేమూ ఊరుకున్నాం." గుండెలో నొప్పిగా ఉందని ఒక్క తెలుగు ముక్క అని ఉంటే ఆవిడ ఆ క్షణమే లబలబలాడుతూ లాక్కొచ్చేది. బతికి బట్టకట్టాడు. తర్వాత ఎప్పుడు కనబడినా ఒకటే మాట. "అప్పుడు నాకు టెన్షన్ వచ్చింది కదమ్మా, మీరే కాపాడారు." ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలి చెప్పండి?

దానికి సరిగ్గా తిరగేసిన కేసు కూడా రేపల్లెలోనే చూశాను. సుభద్రగారని ఒక మేష్టారి భార్య. ఆవిడకి స్ట్రెస్సట. గుండె దడ, ఊపిరి అందకపోవడం, తిండి సయించకపోవడం. అప్పటికే ఎక్కడెక్కడో తిరిగి అన్ని పరీక్షలూ చేయించుకుని, ఆ కాగితాల సంచీ నా బల్ల మీద పెట్టింది. అన్నీ బాగున్నాయి. "స్ట్రెస్ అని రాశారండి అందరూ. ఆ స్ట్రెస్‌కి మందుంటే ఇవ్వండి" అంది.

ఆ సంచీ పక్కకి నెట్టి అడిగాను. "ఈమధ్య మీ ఇంట్లో ఎవరన్నా పోయారా అమ్మా?"

"మా చెల్లెలండి" అంది. తనకన్నా చాలా చిన్నది, తన చేతుల మీదే పెరిగింది. సరిగ్గా ఆ వారంలోనే వీళ్ళ కొత్తింటి గృహప్రవేశం. శుభకార్యం పెట్టుకుని ఇంట్లో ఏడుపులేంటన్నారట పెద్దవాళ్ళు. అయిపోయాక ఏడుద్దువుగానిలే అన్నారట. అయిపోయాక కొత్తిల్లు కదా, కొత్తింట్లో ఏడవకూడదన్నారట. మేష్టారేమో వచ్చినవాళ్ళందరికీ "మా మిసెస్ కొంచెం స్ట్రెస్‌లో ఉంది" అని చెప్పుకొచ్చాడు. ఆ మాట ఎవరికీ అడ్డం రాలేదు, పాలు పొంగించేటప్పుడు కూడా అనుకోవచ్చు. మా చెల్లెలు పోయింది అన్న మాటకే చోటు లేకుండా పోయింది.

నా గదిలో కూర్చుని ఏడిచింది. బయట పేషెంట్లు తలుపు తడుతున్నారు, "ఏంటండీ ఇంతసేపు" అని కేకలేస్తున్నారు. ఆగండయ్యా అని నేనూ ఓ కేకేసి తలుపుకి గడియ పెట్టాను. ఏ మందూ రాయలేదు. మేష్టార్ని పిలిచి, మీ ఆవిణ్ణి ఓ నెల్లాళ్ళు వాళ్ళమ్మ దగ్గర వదిలిపెట్టండి, ఇద్దరూ కలిసి ఏడవనివ్వండి అని చెప్పాను. ఆయనకి నచ్చలేదు. కానీ పంపాడు.

నిండుకున్నాయి అనే భాష

మనవాళ్ళు ఇలా ఎందుకు చేస్తారో నేను చాలా ఆలోచించాను. సిగ్గు ఒకటి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. అంతకన్నా పెద్దది భయం. చెడ్డమాట నోట్లోంచి వస్తే పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, సరే అలాగే జరగనీ అంటారు. కాబట్టి అనకూడదు. ఇంగ్లీషులో అంటే ఫర్వాలేదు, ఆ దేవతలకి ఇంగ్లీషు రాదని మనవాళ్ళ నమ్మకం కాబోలు!

ఈ భయం కొత్తది కాదు. మా అమ్మమ్మ బియ్యం అయిపోయాయి అనేది కాదు, బియ్యం నిండుకున్నాయి అనేది. దీపం ఆరిపోయింది అనేది కాదు, కొండెక్కింది అనేది. ఎవరూ వెళతాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. సరే, అదీ ముసుగే. కానీ నిండుకున్నాయి అనగానే మా తాతయ్య సంచీ తీసుకుని బజారుకి బయల్దేరేవాడు. ఊళ్ళో పసిపిల్లకి కూడా ఆ మాటకి అర్థం తెలుసు. ఇప్పుడు మనం కప్పుతున్న ఇంగ్లీషు ముసుగు కింద ఏముందో కప్పినవాడికే తెలీదు. డిస్టర్బెన్స్ అంటే మొగుడు కొట్టాడనా, కొడుకు ఇల్లొదిలి పోయాడనా, నిద్రపట్టట్లేదనా? సంచీ పట్టుకుని ఎక్కడికని బయల్దేరాలి?

అందుకని నా గదిలో నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఇలాంటి మాట వినబడగానే పెన్ను కింద పెట్టేదాన్ని. "అది నాకు తెలీదు. నిన్న పొద్దున లేచినప్పటినుంచీ ఏం జరిగిందో చెప్పు" అనేదాన్ని. అంతే. మీరూ చేసి చూడండి. మొదట విసుక్కుంటారు. "అదేనండీ, ప్రాబ్లమ్స్" అని మళ్ళీ మొదలెడతారు. మీరూ మళ్ళీ అడగండి. మూడోసారికి తెలుగొస్తుంది. తెలుగొచ్చిందంటే జబ్బు బయటపడినట్టే. క్యూ పెరుగుతుంది, కాంపౌండరు మూతి ముడుచుకుంటాడు, యాజమాన్యం పిలిచి మాట్లాడుతుంది. పిలవనివ్వండి.

క్రిటికల్ బట్ స్టేబుల్

పేషెంట్లని ఆడిపోసుకుని డాక్టర్లని వదిలేస్తే పాపం తగులుతుంది. ఈ రోగం మనలోనే ఎక్కువ.

బాపట్లలో నేను పనిచేసిన చోట ఒక పెద్ద డాక్టరుగారుండేవారు. నాడి పట్టుకుని సగం జబ్బు చెప్పేవారు. వైద్యంలో ఆయన కాలిగోటికి కూడా చాలను, ఆ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను. కానీ రోగి బంధువులతో మాట్లాడాలంటే ఆయనకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. చేరిన కొత్తలో నాకో సలహా ఇచ్చారు. "నువ్వు తెలుగులో చెబితే పది ప్రశ్నలడుగుతారమ్మాయ్. ఇంగ్లీషులో చెప్పు, దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు." నిజమే, వెళ్ళిపోయేవారు. అదే ఆయన తప్పు.

సముద్రం వైపు పల్లె నుంచి ఒక ముసలమ్మని తీసుకొచ్చారు. ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయి. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ రైతులే, తల్లి మంచం వదలకుండా కూర్చున్నారు. పెద్ద డాక్టరుగారు రోజూ రౌండ్సుకొచ్చి ఒకటే ముక్క అనేవారు. "క్రిటికల్ బట్ స్టేబుల్." కొడుకులిద్దరూ చేతులు కట్టుకుని "సరేనండి" అనేవారు. ఆవిడ ఇక లేవదని మా అందరికీ తెలుసు. గంటలో పోవచ్చు, నాలుగు రోజులుండచ్చు.

ఇంతలో వాయుగుండం అన్నారు. కోసిన వరి ఇంకా చేలో పనల మీదే ఉంది. పెద్దకొడుకు వచ్చి ఆయన్ని అడిగాడు. "అయ్యా, ఒక్కపూట ఇద్దరం వెళ్ళి కుప్ప వేసుకొస్తాం. అమ్మకేం ఫర్వాలేదు కదండీ?" ఆయన నడుస్తూనే "అదే చెబుతున్నాగా, క్రిటికల్ బట్ స్టేబుల్" అన్నారు. వాళ్ళు ఆ చివరి ముక్క పట్టుకుని వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి మొహం దాకా కప్పి ఉంది.

చిన్నకొడుకు కాళ్ళకింకా బురద ఉంది. "స్టేబుల్ అన్నారు కదండీ" అన్నాడు. గొడవ చెయ్యలేదు. అదొక్కటే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"క్రిటికల్ అని కూడా అన్నాను కదయ్యా" అన్నారు పెద్దాయన.

అన్నారు. కాదనలేం. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, కోర్టులో కూడా నిలబడుతుంది. "మీ అమ్మ ఇవాళో రేపో పోతుంది, ఒకళ్ళు వెళ్ళండి, ఒకళ్ళు ఉండండి" అంటే సరిపోయేది. ఆ మాత్రం దానికి అంత చదువు కూడా అక్కర్లేదు. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు, కోపం కూడా తగ్గలేదు. రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

చాలెంజింగ్ ఫేజ్

ఇది తెనాలి సంగతి. రేపల్లె అవతల ఒక పల్లెలో విష్ణాలయం అర్చకులు రంగాచార్యులుగారు. ఆయన బతికారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, కంగారుపడి చివర చూడక్కర్లేదు. నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

ఆయనకి షుగరు చాలాకాలంగా ఉంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా గుడి చుట్టూ రాతిబండల మీద చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. షుగరు ముదిరితే అరికాళ్ళలో స్పర్శ పోతుంది. బండలకి కాలు కాలి బొబ్బలెక్కినా ఆయనకి తెలీలేదు. బొబ్బ పుండైంది, పుండు మీద పసుపు పెట్టారు, పసుపు మీద గుడ్డ కట్టారు. మా దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు నల్లగా మాడిపోయి, పాదమంతా ఉబ్బి, వాసన వేస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. మా సర్జన్ చూసి బయటికొచ్చి, "మోకాలి కింద తీసెయ్యాలండీ, ఇప్పుడే. కుళ్ళు పైకి పాకుతోంది. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు" అన్నారు.

ఆయన కొడుకు శేషు నన్ను వరండాలో ఆపాడు. ముప్పై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ఐడీ కార్డు. ఒక ఇంజనీరింగు కాలేజీలో పిల్లలకి ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేర్పే ఉద్యోగం. తమ లోపాలు కూడా గొప్పగా వినబడేలా ఎలా చెప్పాలో నేర్పుతాడన్నమాట.

"మేడం, నాన్నగారి హెల్త్‌లో కొన్ని చాలెంజెస్ ఉన్నాయని మాకు తెలుసు. ఆయనకి మాత్రం డైరెక్టుగా చెప్పకండి. మైనర్ క్లీనింగ్ అని చెప్పి తీసుకొచ్చాం."

"మరి ఆపరేషన్‌కి సంతకం ఎవరు పెడతారు?"

"నేను పెడతాను."

"కాలు నీదా?"

మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అది కాదు మేడం. మా ఫ్యామిలీ ఒక చాలెంజింగ్ ఫేజ్‌లో ఉంది. ఈ వారంలోనే స్వామివారి కల్యాణం. పైగా..." అని గొంతు తగ్గించాడు. అప్పుడు తెలుగొచ్చింది. "కాలు తీసేస్తే ఆయన ఇక గర్భగుడిలోకి వెళ్ళకూడదండి. అంగలోపం ఉన్నవాళ్ళు మూర్తిని తాకకూడదు మాలో. చిన్నప్పటినుంచీ ఆయనకి అదే లోకం. చెబితే చచ్చిపోతాను గానీ తియ్యొద్దంటారు."

కుర్రాడి భయం నాకు అర్థమైంది. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి కారణం ఉండదు. అయినా ఒళ్ళు మండింది. "తియ్యొద్దంటే అది ఆయన ఇష్టం నాయనా. కానీ ఏది వద్దంటున్నారో ఆయనకి తెలియాలిగా" అన్నాను.

లోపల రంగాచార్యులుగారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. అంత జ్వరంలోనూ నామం చెదరలేదు. పక్కన ఆయన భార్య ఆండాళ్ళమ్మగారు తడిగుడ్డతో మెడ తుడుస్తోంది.

"రండమ్మా. ఏదో చిన్న ఇన్‌ఫెక్షనట కదా" అన్నారాయన. "కల్యాణం అయ్యాక తీరిగ్గా వచ్చి చేయించుకుంటాను. ఇప్పటికి మందులు రాసివ్వండి."

నేను శేషు వంక చూశాను. శేషు ఫోను వంక చూశాడు. "నాన్నా, డాక్టరుగారు ఒక స్మాల్ ప్రొసీజర్ సజెస్ట్ చేస్తున్నారు. ఇప్పుడే చేయించుకుంటే బెటర్" అన్నాడు.

"చిన్నదేగా నాయనా. చిన్నదైతే వారం ఆగుతుంది, స్వామి కల్యాణం ఆగుతుందా?"

న్యాయంగానే మాట్లాడారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఆయన చేసిన లెక్క సరైందే. కొడుకు కప్పిన ముసుగే తండ్రిని చంపబోతోంది, ఆ పిల్లాడికి అది తెలీడం లేదు. నేను స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"స్వామీ, ఇది చిన్నది కాదు. మీ పాదం చచ్చిపోయింది. కుళ్ళు పైకి పాకుతోంది. ఇప్పుడే కాలు తీసెయ్యాలి. తియ్యకపోతే కల్యాణం నాటికి మీరుండరు."

ఆండాళ్ళమ్మగారి చేతిలో గుడ్డ కింద పడింది. "అపచారం, అపచారం! అవేం మాటలమ్మా? ఆడకూతురివై ఉండి, శుభమా అని కల్యాణం పెట్టుకున్న మనిషితో..."

"మేడం, నేను మీకు రిక్వెస్ట్ చేశాను" అన్నాడు శేషు.

రంగాచార్యులుగారు చెయ్యెత్తారు. ఇద్దరూ ఆగారు.

"ఎక్కడిదాకా అమ్మా?"

ఆయన పిక్క మీద నా చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను. ఆయన కూడా అక్కడ చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచారు. "అయితే ఇక నేను స్వామిని ముట్టుకోకూడదు" అన్నారు. ఎవర్నీ అడగలేదు, తనకి తనే చెప్పుకున్నారు.

"నాన్నా, అవన్నీ తర్వాత చూసుకుందాం. ఇదొక టెంపరరీ ఫేజ్. మనం పాజిటివ్‌గా..."

"నోర్ముయ్యరా!" అంది ఆండాళ్ళమ్మగారు. నేను ఉలిక్కిపడ్డాను. అప్పటిదాకా నన్ను తిట్టిన మనిషి కొడుకు మీదికి తిరిగింది. "ఇన్‌ఫెక్షన్ ఇన్‌ఫెక్షన్ అంటుంటే పంటి చిగురు వాచినట్టు ఏదో అనుకున్నాను. మేనేజ్ అయిపోతుందిలేమ్మా అన్నావు, సరేనని పులిహోర కలుపుకుంటూ కూర్చున్నాను. మీ నాన్న కాలు పోతోందని నాకు చెప్పడానికి నీకు నోరు పడిపోయిందా? ఎప్పుడు తెలిసింది నీకు?"

శేషు గోడకి ఆనుకున్నాడు. "మొన్న. గుంటూరులో పెద్ద డాక్టరుకి కాలు ఫోటో చూపించాను. ఆయన చెప్పారు."

"మొన్నే తెలుసా?" అంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

రంగాచార్యులుగారు చాలాసేపు కిటికీ వైపు చూశారు. నేను కదల్లేదు. ఇక్కడ తొందరపెట్టకండి, ఇది మాత్రం గుర్తుంచుకోండి. సర్జన్ గుమ్మంలోకి వచ్చి చేతి గడియారం చూపించారు, ఆగమని సైగ చేశాను.

"తీసెయ్యండమ్మా" అన్నారు చివరికి. "కల్యాణానికి పొరుగూరు అయ్యగారిని పిలవమని చెబుతాను. స్వామికి లోటు రాకూడదు." సంతకం పెట్టారు. పెన్ను తిరిగి ఇస్తూ అడిగారు. "ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి వెళ్ళొచ్చేదా? కారులో పోయి, ఒక్కసారి చూసుకుని వచ్చేస్తాను. ఇంకా రెండు కాళ్ళూ ఉన్నాయి కదా."

ఇన్నేళ్ళ నౌకరీలో ఎవరికైనా సరేనని అబద్ధం చెప్పాలనిపించింది అదొక్కసారే. చూద్దాం లెండి, ట్రై చేద్దాం అని ఏదో ఒకటి అనేసి లేచి వచ్చెయ్యొచ్చు. "వీల్లేదు స్వామీ" అన్నాను. "వెళ్ళొచ్చేంత సమయం మీకు లేదు." ఆయన తల ఊపారు.

స్ట్రెచరు తెచ్చారు. పడుకోబెట్టాక ఆయన కొడుకుని దగ్గరికి రమ్మన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బావుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

"మొన్నే తెలుసంటున్నావు. పొద్దున నేను గుడి తలుపులేస్తుంటే పక్కనే ఉన్నావు కదరా. చిన్నదే కదా అని, రెండ్రోజుల్లో వచ్చేస్తాను స్వామీ అని చెప్పి, కారు హారను కొడుతుంటే గబగబా తాళం వేసుకుని వచ్చేశాను. ఇదే ఆఖరిసారి నాన్నా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, కాస్త నిలబడి, కళ్ళారా చూసుకుని, సెలవు తీసుకుని వచ్చేవాణ్ణి."